రెండో కృష్ణుడి చంకకర్ర

నాటకరంగం మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈ నెల తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయం చుట్టూ, అంటే వైకల్యం ఉన్న నటులకు వేషాలివ్వడం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి, మిగిలినవాటిని వచ్చే నెలకు వాయిదా వేసి, వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర ఒక పాత నాటక సమాజం. మా ఊరి యువకుడు ఒకరికి చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది, చంకకర్రతో నడుస్తారు. గొంతు మాత్రం చాలా గొప్పది. మోహన రాగంలో పద్యం ఎత్తుకుంటే వీధి చివరి ఇంటివాళ్లు కూడా బయటికి వస్తారు. రాబోయే ఆటలో రాయబారం సీనుకు ఆయన చేత కృష్ణుడి వేషం కట్టించాలని నా కోరిక. మా సమాజం పెద్దలు ఒప్పుకోవడం లేదు. “కృష్ణుడు కుంటుతూ రావడమేమిటి, ఔచిత్యం చెడుతుంది, జనం నవ్వుతారు, అంతగా కావాలంటే శకుని వేషం ఇవ్వండి” అంటున్నారు. వారిని ఎదిరించలేను, ఆ అబ్బాయిని వదులుకోలేను. మీరేమంటారు? - కార్యదర్శి, చిత్తూరు

జవాబు: మీ పెద్దల మాటలో ఔచిత్యం అనే పెద్ద మాట ఒకటి, జనం నవ్వుతారనే చిన్న భయం ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ముందు పెద్ద మాట సంగతి చూద్దాం.

రాత్రంతా సాగే పద్యనాటకంలో పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు, యుద్ధరంగం కృష్ణుడు ఇంకొకరు కావడం మనకు కొత్త కాదు. కరపత్రంలోనే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని అచ్చు వేస్తాం. ఒకటో కృష్ణుడు సన్నగా, పొడుగ్గా ఉంటారు. రెండో కృష్ణుడికి పీతాంబరం మీదికి బొజ్జ జారుతుంటుంది. మూడో కృష్ణుడు అరవై దాటి, కట్టుడుపళ్లు సర్దుకుని పద్యం అందుకుంటారు. అర్ధరాత్రి వేళ తెర పడి లేచేసరికి దేవుడి ఎత్తు అరడుగు తగ్గినా, ఇదేమిటని అడిగిన ప్రేక్షకుడిని నా నలభై ఏళ్ల అనుభవంలో నేను చూడలేదు. నెమలిపింఛం కనిపించింది, నీలిరంగు కనిపించింది, గొంతు పలికింది, ఆయనకు అది చాలు. స్థానం నరసింహారావు గారు మగవారై ఉండి సత్యభామగా తెలుగుదేశాన్ని మురిపించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ రోజుల్లో ఔచిత్యం పేరు చెప్పి ఆయనను ఎవరైనా ఆపి ఉంటే నష్టపోయేది ఎవరో మీ పెద్దలనే అడగండి. అంతదూరం ఎందుకు, ఏటా మే నెలలో తిరుపతి గంగ జాతరకు మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, తాతయ్యగుంట గంగమ్మ గుడికి వెళ్తుంటే దారిలో ఎదురైనవాళ్లు దణ్ణం పెడతారు. వేషమంటే ఏమిటో మన ప్రాంతపు జనానికి ఇంకొకరు నేర్పవలసిన పని లేదు. ఒళ్లు వేరైనా, వయసు వేరైనా, ఆడా మగా తేడా ఉన్నా ఒప్పుకున్న మనం, ఒక కాలు దగ్గరికి వచ్చేసరికి ఔచిత్యాన్ని గుర్తుచేసుకుంటున్నామంటే, అడ్డుపడుతున్నది శాస్త్రం కాదు, అలవాటు.

శకుని వేషం ఇవ్వమనడంలో మరొక చిక్కు ఉంది. కాలు బాగులేని నటుడికి కాలు బాగులేని పాత్రే తగినదని, అదీ దుర్మార్గుడి పాత్ర అయితే మరీ బాగా అతుకుతుందని మనకు తెలియకుండానే అనుకుంటున్నాం. శకుని కుంటుతూ నడవడం మన నటులు పట్టుకువస్తున్న వాడుకే తప్ప, జూదం ఆడించడానికి ఆ కుంటు అవసరం లేదు. ఆ అబ్బాయికి శకుని పాత్ర మీద మోజు ఉంటే నిరభ్యంతరంగా వేయించండి, అది గొప్ప పాత్ర. కాలును చూసి ఇస్తున్నారా, గొంతును చూసి ఇస్తున్నారా అన్నదే నా ప్రశ్న. అమెరికాలో 2019లో అలీ స్ట్రోకర్ అనే నటికి, అక్కడి నాటకరంగంలో పెద్దదైన టోనీ పురస్కారం వచ్చింది. చక్రాల కుర్చీ వాడే నటులలో ఆ పురస్కారం అందుకున్న మొదటి వ్యక్తి ఆమె. ఆమె వేసిన పాత్ర చక్రాల కుర్చీలో ఉండే పాత్ర కాదు, అల్లరిగా, సరదాగా తిరిగే ఒక పల్లెటూరి అమ్మాయి పాత్ర. రచయితలు ఆ పాత్రకు కుర్చీ రాయలేదు. నటి వచ్చింది, ఆమెతోపాటు కుర్చీ వచ్చింది, కథ ఎక్కడా ఆగలేదు.

ఇక జనం నవ్వుతారన్న భయం. మొదటి రెండు మూడు నిమిషాలు జనం కాలునే చూస్తారు, అది కాదనను. అందుకని ఆ రెండు మూడు నిమిషాలను దర్శకుడు ముందే ఆలోచించి పెట్టుకోవాలి. రాయబారంలో కృష్ణుడు ఎక్కువసేపు సభలో ఆసనం మీద కూర్చునే ఉంటారు. అందువల్ల ఆ పాత్రకు ముఖ్యమైన కదలిక నడవడం కాదు, లేవడం. మంచిమాటలన్నీ అయిపోయాక, ఇక లాభం లేదని తేలాక, కృష్ణుడు లేస్తారు. మీ నటుడు కర్ర అందుకుని, బరువంతా ఎడమకాలి మీదికి తెచ్చుకుని, తొందర లేకుండా లేచి నిలబడడానికి పట్టే ఆ ఆరేడు క్షణాలు సభ మొత్తం ఊపిరి బిగబట్టి చూడవలసిన క్షణాలు. అప్పుడు హార్మోనిస్టు శ్రుతి పట్టి ఉంచాలి తప్ప ఖాళీని పూడ్చడానికి గబగబా స్వరాలు వాయించకూడదు. కౌరవ సభలో ఉన్నవాళ్లెవరూ సాయం పట్టడానికి ముందుకు రాకూడదు. సాయానికి చెయ్యి చాచారంటే ఆ క్షణంలో కృష్ణుడు మాయమై రోగి మిగులుతాడు.

పని దగ్గర చూసుకోవలసినవి కొన్ని చెబుతాను. మన భుజకీర్తులు, బాహుపురులు చంకకర్రకు పెద్ద శత్రువులు. కర్ర ఉన్న వైపు భుజకీర్తి అంచు చంకలోకి దిగి గీసుకుంటుంది, పైగా కిరీటం బరువుకు మెడ ముందుకు వాలి కర్ర మీద పట్టు తప్పుతుంది. ఆ వైపు నగను అట్టతో తేలికగా చేయించి, ఒక అంగుళం పైకి కుట్టించండి. కర్రకు పసుపు గుడ్డ చుట్టి దాచాలని చూడకండి, గుడ్డ జారితే ప్రమాదం. రంగు వేయాలని నటుడికి ఇష్టమైతే వేయండి. కర్ర అడుగున ఉండే రబ్బరు బుష్ అరిగిపోతే చెక్క వేదిక మీద అడుగుకొక చప్పుడు చేస్తుంది, ఫ్లోర్ మైకు ఆ చప్పుడును సుత్తి దెబ్బలాగా చివరి వరుస దాకా మోస్తుంది. కొత్త బుష్‌కు అయ్యే ఖర్చు హారతి కర్పూరానికి అయ్యే ఖర్చు కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. మేము ఒకసారి ఈ సంగతి చూసుకోక, పద్యానికి, పద్యానికి మధ్య టక్కుటక్కుమంటుంటే తల పట్టుకున్నాం.

అన్నింటికంటే ముందు, మీ రిహార్సల్ గది ఎక్కడుందో చూసుకోండి. చాలా సమాజాల గదులు ఏదో ఒక కొట్టు మీద మేడపైన ఉంటాయి, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు. వేషం ఇచ్చి, రోజూ ఇరవై మెట్లు ఎక్కించి, వారం తరువాత “ఆ అబ్బాయి రిహార్సల్‌కు సరిగా రావడం లేదు” అని తీసేసిన సమాజాలు నాకు తెలుసు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నడుము కింది భాగం పనిచేయదు, చక్రాల కుర్చీ వాడుతుంది. ఇంట్లో వీడియోలు చూసి హస్తాలు, అభినయం నేర్చుకుంది. ఇక్కడ ఒక సంస్థవారు వేసే నృత్యనాటకంలో చేర్చుకోమని అడిగితే, ఆటలో కుదరదు గానీ చివర్లో వేదిక మీదికి తీసుకొచ్చి శాలువా కప్పి సన్మానిస్తామన్నారు. చుట్టాలందరూ సుధాచంద్రన్‌ను చూడమంటున్నారు. ఒప్పుకోమంటారా? - ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, శాలువాకు ఒప్పుకోవద్దు. ఏమీ చేయనివ్వకుండా చేసే సన్మానం పిల్ల మనసులో ఏమి నాటుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కోపం లేకుండా, “మా అమ్మాయికి రెండు నిమిషాల పాత్ర ఇవ్వండి, చెలికత్తెల్లో ఒకరిగానైనా సరే, శాలువా వద్దు” అని అడగండి. ఇవ్వకపోతే ఇచ్చేవారి దగ్గరికి వెళ్దాం.

సుధాచంద్రన్ గారి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తరువాత ఆమె కుడికాలు తీసేయవలసి వచ్చింది. జైపూర్ కాలు అమర్చుకుని, దాదాపు రెండేళ్లకు పైగా పడుతూ లేస్తూ, రక్తం కారుతున్నా మళ్లీ అడుగులు నేర్చుకుని, 1984లో తిరిగి వేదిక ఎక్కారు. ఆమె కథతో తెలుగులో వచ్చిన చిత్రంలో తన పాత్రను తానే వేశారు. అందులో గౌరవించవలసింది ఎంతో ఉంది. అయితే ఆమె ప్రమాదానికి ముందే ఏళ్ల తరబడి భరతనాట్యం నేర్చిన నర్తకి, తెగింది మోకాలి కింది భాగం. వెన్నుపూస దెబ్బతిన్న పిల్లను, కండరాల క్షీణత ఉన్న పిల్లను పట్టుకుని “ఆమె చేయలేదా, నువ్వెందుకు చేయలేవు” అనడం ప్రోత్సాహం కాదు, దెప్పిపొడుపు. మీ అమ్మాయి నిలబడి ఆడనక్కరలేదు. కుర్చీలోనే ఆడుతుంది. నృత్యదర్శకులు సయ్యద్ సలావుద్దీన్ పాషా గారు చక్రాల కుర్చీలతోనే భరతనాట్యం, పురాణ ఘట్టాలు కూర్చి దేశవిదేశాలలో ప్రదర్శనలిచ్చారు. ఆ ప్రదర్శనల్లో కుర్చీ తిరిగే వేగం, ఆగే తీరు, రెండు కుర్చీలు ఎదురెదురుగా వచ్చి తాకీ తాకకుండా పక్కకు మళ్లడం, ఇవన్నీ అడుగులకు బదులు నిలిచే అడుగులే. మీ అమ్మాయి అభ్యాసంలో హస్తాలకు, కళ్లకు ఇచ్చినంత సమయం కుర్చీ నడకకు కూడా ఇవ్వమనండి. తాళానికి సరిగ్గా ఆగడం తేలిక కాదు. నునుపు గచ్చు మీద ఒకలాగా, తివాచీ మీద ఒకలాగా చక్రం జారుతుంది.

“ఆటలో కుదరదు” అనడానికి నిర్వాహకులు చెప్పే కారణం సాధారణంగా వేదిక. అది ఊరికే చెప్పే సాకు కాదు, నిజమైన ఇబ్బందే. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు దాటకూడదని ప్రమాణం. మూడున్నర అడుగుల ఎత్తున్న వేదికకు ఆ లెక్కన నలభై రెండు అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగడానికి చదును వేరే. మన కల్యాణమండపాలలో అంత చోటు ఎక్కడిది? అందుకని ఎనిమిది అడుగుల చెక్క ఒకటి ఏటవాలుగా ఆనించి, వెనుక నుంచి ఇద్దరు తోస్తారు, లేదా నలుగురు కలిసి కుర్చీని పల్లకీలాగా ఎత్తుకుని జనం చూస్తుండగా వేదిక మీద పెడతారు. మొదటిది ప్రమాదం, రెండోది అవమానం. అలీ స్ట్రోకర్ విషయంలో కూడా, పురస్కారం ప్రకటించినప్పుడు ఆమె మిగిలినవారిలాగా ప్రేక్షకుల మధ్య నుంచి లేచి రాలేకపోయారు. అక్కడి నుంచి వేదికకు ర్యాంపు లేక తెర వెనుకే వేచి ఉండవలసి వచ్చింది. అంత పెద్ద వేదికకే ఆ లోటు ఉంది.

మన ప్రాంతంలో దీనికి చాలా పాత విరుగుడు ఉంది. మన వీధినాటకానికి వేదిక ఎక్కడుంది? నేల మీద ఆట, చుట్టూ మూడు వైపులా జనం, వెనుక ఒక తెర. ఆ సంస్థవారిని వేదిక కింద, మొదటి వరుసకు ముందున్న ఖాళీ చోటులో ఒక ఘట్టాన్ని ఆడమనండి. వరుసలు రెండు వెనక్కి జరిపి, ఒక ఫ్లడ్ లైటు కిందికి తిప్పితే చాలు. ఒక్క మీ అమ్మాయినే కింద పెట్టి, మిగతావాళ్లంతా పైన ఆడితే అది మళ్లీ పాత కథే. ఘట్టం మొత్తం కిందికి దిగాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. దాని 29వ సెక్షను వైకల్యం ఉన్న కళాకారులకు సదుపాయాలు, ఆర్థిక తోడ్పాటు కల్పించాలనీ, కళలకు సంబంధించిన కోర్సులను వారు కూడా చేరగలిగే విధంగా మార్చాలనీ ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు చెబుతోంది. ఆ సెక్షను పట్టుకుని నృత్యనాటకం వేసేవారి మీదికి వెళ్లమని నేను అనడం లేదు; వెళ్లినా మీ అమ్మాయికి పాత్ర రాదు, శత్రుత్వం వస్తుంది. సంగీత నృత్య కళాశాలలో చేర్పించాలనుకున్నప్పుడు, సభాభవనం వారిని ర్యాంపు అడిగేటప్పుడు మాత్రం ఆ సెక్షను పేరు రాతపూర్వకంగా పెట్టండి.

ప్రశ్న: పరిషత్తు పోటీలకు ఒక నాటిక తయారు చేస్తున్నాను. అందులో ప్రధాన పాత్రకు చూపు లేదు. మామూలు నటుడి చేత వేయిస్తే తప్పవుతుందా? చూపు లేని నటులు ఎక్కడ దొరుకుతారు, దొరికినా వేదిక మీద ఎలా నడిపించాలి? - దర్శకుడు, శ్రీకాళహస్తి

జవాబు: తప్పు అని తీర్పు చెప్పడానికి నేను వెనకాడతాను. నటన అంటేనే మనం కాని మనిషిగా మారడం. కానీ చూపున్న నటులు చూపు లేని పాత్రలను వందేళ్లుగా వేస్తున్నారు, చూపు లేని నటులకు చూపున్న పాత్ర ఒక్కటి కూడా ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు. తూకం అంతగా ఒక పక్కకే ఒరిగినప్పుడు, కనీసం చూపు లేని పాత్రకైనా ముందు చూపు లేని నటుడిని వెతకడం న్యాయం. ఇంగ్లండులో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ షేక్స్‌పియర్ గూనివాడిగా రాసిన మూడో రిచర్డు రాజు పాత్రను వైకల్యం ఉన్న నటుడికి మొదటిసారి ఇచ్చింది 2022లో, అంటే అక్కడ కూడా ఇది నిన్నటి మాటే.

న్యాయం ఒకటే కాదు, ఆట కూడా బాగుపడుతుంది. కొన్నేళ్ల క్రితం తిరుపతిలో నేను ఒక పౌరాణికం చేయించినప్పుడు చూపు లేని గాయకుడు ఒకరి చేత ధృతరాష్ట్రుడి వేషం వేయించాను. మొదటి రోజు రిహార్సల్‌లో, అందరికీ చెప్పినట్టే, “చేతులు ముందుకు చాచి తడుముకుంటూ రండి” అన్నాను. ఆయన నవ్వి, “నేను మా ఇంట్లో చేతులు చాచుకుని తిరగనండి, ధృతరాష్ట్రుడు మాత్రం తన సభలో ఎందుకు తడుముకుంటాడు?” అన్నారు. ఆ తరువాత ఆయన చూపించింది చూశాను. సంజయుడు మాట్లాడుతుంటే ముఖం అటు తిప్పలేదు. చెవిని అటు పెట్టారు, అందువల్ల ముఖం మా వైపు పక్కకు తిరిగి, దుర్యోధనుడి పేరు వినపడగానే గడ్డం ఒక్క అర అంగుళం పైకి లేచింది. కనుగుడ్లు పైకి తిప్పే అభినయం తప్ప మరొకటి ఎరగని నాకు, ఆ అర అంగుళం కొత్త పాఠం.

అదే ఆటలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ప్రదర్శనకు గంట ముందు, లైటు సరిగా పడటం లేదని సింహాసనాన్ని రెండడుగులు ముందుకు జరిపించాను. ఆయనకు చెప్పలేదు. మరచిపోయాను, అంతే. ఆయన తెర నుంచి లెక్క ప్రకారం తొమ్మిది అడుగులు వేసి కూర్చోబోతే మోకాలికి సింహాసనం కోడు తగిలి తూలారు, కిరీటం పక్కకు ఒరిగింది. జనం అది నటన అనుకుని చప్పట్లు కొట్టారు. తెర వెనుకకు వచ్చాక ఆయన ఒకటే అన్నారు: “మాస్టారూ, మీరు నాకు కళ్లు లేవని మరచిపోయేటంత ప్రేమగా చూశారు, కానీ మరచిపోకూడదండి.” ఆ రోజు నుంచి నా ఆటలో ఎవరున్నా సరే, చివరి రిహార్సల్ అయ్యాక సెట్టులో పీట కూడా జరపనివ్వను.

నడిపించడం కష్టం కాదు. వేదిక అంచుకు మూడడుగుల ఇవతల, తివాచీ కింద కొబ్బరితాడు ఒకటి అడ్డంగా పరిచి మేకులు కొట్టండి. అరికాలికి తగలగానే ఆగాలని నటుడికి తెలుస్తుంది, ప్రేక్షకుడికి కనపడదు. ప్రవేశం దగ్గర, ఆసనం దగ్గర కూడా అటువంటి గుర్తులు పెట్టండి. ఖాళీ వేదిక మీద ఆయనను ఒక్కరినే అరగంట తిరగనివ్వండి, పక్కన మాట్లాడకండి. సంభాషణ కాగితాలను ఎవరైనా చదివి ఫోనులో రికార్డు చేసి ఇస్తే, మిగిలిన నటుల కంటే ముందే ఆయనకు నాటకమంతా కంఠతా వస్తుంది. అందరి సంభాషణలూ వస్తాయి కాబట్టి ప్రాంప్టరుకు కూడా పని తగ్గుతుంది.

ఎక్కడ దొరుకుతారంటారా? గుడి భజన బృందాలలో, సంగీతం నేర్పేచోట, హార్మోనియం, తబలా వాయించేవారిలో అడగండి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కాలం నుంచి చూపు సరిగా లేనివారికి మనవాళ్లు సంగీతం తలుపు తెరిచే ఉంచారు, నాటకం తలుపే మూసి ఉంచారు. మరొక మాట, మీ తరువాతి నాటికకు పనికివస్తుందని చెబుతున్నాను: తిరుపతిలో దేవస్థానం వారి బధిర పాఠశాల ఉంది. వినపడనివారు నటులుగా పనికిరారని అనుకోవద్దు. లాస్ ఏంజిలెస్‌లో 1991 నుంచి ఉన్న డెఫ్ వెస్ట్ అనే నాటక సంస్థ, వినపడని నటుడు సైగలతో నటిస్తుంటే పక్కనే వినపడే నటుడు అతని గొంతై పాడేటట్టు సంగీత నాటకాలు కూర్చి పేరు తెచ్చుకుంది. వారికి అది కొత్త ప్రయోగం. మనకో? పాత్రధారి ఆడుతుంటే వెనుక నుంచి భాగవతులు పాడడం, వంత పాడేవాళ్లు అందుకోవడం కూచిపూడి నుంచి మన వీధినాటకం దాకా ఉన్నదే కదా. మద్దెల అదురు చెక్క వేదిక గుండా అరికాళ్లకు తెలుస్తుంది. ప్రవేశానికి గంటకు బదులు వింగులో చిన్న దీపం వెలిగిస్తే చాలు. సైగలు తెలిసినవారు ఒకరు మొదటి రిహార్సల్ నుంచి ఉండాలి, ఆట రోజు మాత్రం పిలిస్తే కుదరదు.

ప్రశ్న: మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నాటకంలో ఎన్నో ఏళ్లుగా మరుగుజ్జు అయిన ఒకాయన బఫూన్ వేషం కడతారు. ఆయన రాగానే జనం నవ్వుతారు. ఈ ఏడు ఒక ఉపాధ్యాయుడు ఇది చట్టరీత్యా నేరమని, ఆయనను ఆపేయాలని అంటున్నారు. నిజమా? - ఉత్సవ కమిటీ సభ్యుడు, పలమనేరు వైపు

జవాబు: ఆయనను అడిగారా? మీ ఉత్తరంలో కమిటీ మాట ఉంది, ఉపాధ్యాయుడి మాట ఉంది, ఆయన మాట లేదు.

చట్టం మాట మొదట. 2016 చట్టం 92వ సెక్షను ప్రకారం, వైకల్యం ఉన్న వ్యక్తిని పదిమందిలో కించపరచాలనే ఉద్దేశంతో కావాలని అవమానించినా బెదిరించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. ఆ చట్టం గుర్తించిన ఇరవై ఒక్క రకాల వైకల్యాలలో మరుగుజ్జుతనం ఒకటి. ఇది ఆయనను అవమానించేవారిని ఆపడానికి ఉన్న సెక్షను, ఆయన వేషాన్ని ఆపడానికి కాదు. 2024 జూలై 8న సుప్రీంకోర్టు సినిమాలలో వికలాంగుల చిత్రణ మీద ఇచ్చిన తీర్పులో, వైకల్యాన్ని చిన్నబుచ్చే హాస్యం వేరు, వైకల్యం ఉన్న జీవితాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. తీర్పు దృశ్యమాధ్యమాల గురించి వచ్చినదే అయినా, ఆ కొలబద్ద మీ భారతం మిట్ట మీద కూడా పనిచేస్తుంది.

ఈ ఏడు ఒక రాత్రి ప్రేక్షకుల్లో కూర్చుని గమనించండి. ఆయన మాటకు నవ్వుతున్నారా, ఆయన ఎత్తుకు నవ్వుతున్నారా? రాజును, పెత్తందారును, చివరికి కమిటీని కూడా ఎగతాళి చేసే చొరవ వీధినాటకంలో బఫూన్‌కు ఉంది; ఆయన ఆ పని చేస్తుంటే ఆయన మంచి నటుడు, ఆపడం అన్యాయం. అలాగాక, మిగతా వేషధారులు ఆయనను చంకలో ఎత్తుకోవడం, నెత్తిన కొట్టడం, “చిన్నపిల్లాడా” అని పిలవడం మీదే నవ్వు నడుస్తుంటే ఆ భాగాలు తీసేయండి, మనిషిని కాదు. ఒక్క వేషంలోనే ఆయనను ఇరికించి ఉంచడం కూడా మీరు ఆలోచించవలసిన విషయం. మూడడుగులు అడిగి మూడు లోకాలూ కొలిచిన వామనుడు నవ్వులాట వేషం కాదు. హరికథ దాసరి గారిని ఒక పగలు వామన చరిత్ర చెప్పమని, ఆ రాత్రి వామనుడి వేషం ఆయనకు ఇవ్వమని నా సలహా. అర్జునుడు తపస్సు కోసం నాటిన ఎత్తైన మాను ఎక్కే ఘట్టం వంటివి ఒళ్లు సహకరించేవారే చేయాలి, అందులో మొహమాటం పనికిరాదు. ఆ మాను కింద నిలబడి పద్యం చెప్పడానికి మాత్రం ఎత్తుతో పనిలేదు.

ప్రశ్న: కరపత్రంలో దివ్యాంగ కళాకారుడు అని వేయాలా, విభిన్న ప్రతిభావంతుడు అని వేయాలా? పారితోషికం తగ్గించి ఇవ్వవచ్చా? - ఒక నిర్వాహకుడు, పుత్తూరు

జవాబు: రెండూ వేయవద్దు. మిగతా నటులకు బట్టతల ఉందనో, మధుమేహం ఉందనో వేయడం లేదు కదా. పాత్ర పేరు, దానికి ఎదురుగా నటుడి పేరు, అదే సైజు అక్షరాలలో. ప్రభుత్వ శాఖకు రాసే దరఖాస్తులో విభిన్న ప్రతిభావంతులు అనే రాయండి, ఇక్కడ ఆ శాఖ పేరే అది. మాటల్లో ఆయనను ఏమని పిలవాలో ఆయననే అడగండి, చాలామంది పేరు పెట్టి పిలవమంటారు. వ్యాఖ్యాతకు కూడా ముందే చెప్పి పెట్టండి, లేకపోతే తెర లేవకముందే ఐదు నిమిషాలు కరుణరసం కురిపిస్తారు.

పారితోషికం ఎందుకు తగ్గిస్తారో నాకు అర్థం కాలేదు. అదే పాత్రకు పోయిన ఏడు ఎంత ఇచ్చారో అంతే ఇవ్వండి. తోడు వచ్చే మనిషికి భోజనం, బస్సు ఎక్కలేనివారికి ఆటో బాడుగ వేరే పద్దులో రాసుకోండి. అవి పారితోషికంలో కోసుకుంటే నటుడికి చివరికి మిగిలేది శాలువా ఒక్కటే.